కంబం ముందు నిలబడ్డ పిల్లాడు

మా వైపు ఇంటికో నరసింహారావు ఉంటాడు. చిల్లకల్లు దగ్గర హైవే దిగి కృష్ణ ఒడ్డుకు వెళ్తే వేదాద్రి. కొండ మీద జ్వాలా నరసింహుడు, ఏట్లో సాలగ్రామ నరసింహుడు, గుళ్లో యోగానందుడు, లక్ష్మీనరసింహుడు, ఇంకో చోట వీర నరసింహుడు. ఒకే దేవుడికి ఐదు రూపాలు. అందుకే జగ్గయ్యపేటలోనో నందిగామలోనో పెరిగినవాళ్లకి నరసింహుడి కథ కొత్తగా ఎవరు చెప్పినా పాతదాన్ని పక్కన పెట్టుకునే చూడటం అలవాటు.

2025 జులై 25న 'మహావతార్ నరసింహ' వచ్చింది. అశ్విన్ కుమార్ దర్శకత్వంలో తీసిన యానిమేషన్ సినిమా. విష్ణువు అవతారాల మీద 2037 దాకా ఏడు సినిమాల వరస ప్రకటించారు, అందులో ఇది మొదటిది. తర్వాతిది పరశురాముడిది. హాలీవుడ్ సూపర్‌హీరోల సినిమాల్లాగే ఒకదానికొకటి ముడిపెట్టి నడిపే పద్ధతి. నేను చూసిన హాల్లో కొందరు చెప్పులు విప్పి కూర్చున్నారు. కంబం పగిలినప్పుడు పిల్లలు కుర్చీల్లోంచి లేచారు. పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం ఆట అయ్యాక ఒక్కటే మాట అన్నాడు: "బాగానే ఉంది బాబూ, రంగారావు లేడు గానీ." ఆ మాట మీదే ఇదంతా రాస్తున్నాను.

ఆయన అన్నది 1967 నాటి ఏవీఎం వారి 'భక్త ప్రహ్లాద' గురించి. అందులో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, చిన్నారి రోజారమణి ప్రహ్లాదుడు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ నారదుడు. అంతకు ముందు 1942లో శోభనాచల సంస్థ ఇదే కథ తీసింది, వేమూరి గగ్గయ్య హిరణ్యకశిపుడు. ఆ శోభనాచలం పేరు మన ఆగిరిపల్లి కొండది. అక్కడా ఉన్నది నరసింహుడే. ఇంకా వెనక్కి వెళ్తే 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మొట్టమొదటి తెలుగు టాకీ. హెచ్.ఎం. రెడ్డి తీశాడు, సురభి కమలాబాయి లీలావతి. తెలుగు సినిమా మాట్లాడటం మొదలుపెట్టిందే ఈ కథతో.

మూడు సినిమాలకూ పేరు ఒక్కటే, 'భక్త ప్రహ్లాద'. కొత్తదానికి పిల్లాడి పేరు లేదు, అవతారం పేరు పెట్టారు. దేవుడి పేరు పెట్టడం తప్పని కాదు. ఎర్రాప్రగడ ఏనాడో 'నృసింహపురాణం' రాశాడు. కానీ సూపర్‌హీరో కథలో బలమున్నవాడే నాయకుడు. పోతన భాగవతం సప్తమ స్కంధంలో నాయకుడు ఏ బలమూ లేని బడిపిల్లాడు. ఏనుగులతో తొక్కించినా, నిప్పుల్లో వేయించినా ఎదురు దెబ్బ కొట్టడు. చదువుకున్న మాటే మళ్లీ చెబుతాడు, అంతే. నా లెక్కలో కొత్త రూపాన్ని తూచాల్సిన రాయి ఇదే: ఆ పిల్లాడికి ఎంత చోటు మిగిలింది?

ఒక హీరో కథలో ఏ ఘట్టాన్ని ఎంచుకున్నారన్న దాంట్లోనే చెప్పేవాడి మనసు తెలుస్తుంది. జగ్గయ్యపేటలోనే దీనికి రెండు వేల ఏళ్ల నాటి సాక్ష్యం ఉంది. ధనంబోడు స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించాడు. అక్కడ దొరికిన ఒక పలక మీద మాంధాత చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే పైనుంచి నలుచదరపు నాణేలు రాలుతుంటాయి. చుట్టూ ఏనుగు, గుర్రం, చక్రం, రాణి, మంత్రి. బౌద్ధ కథలో ఈ మాంధాత స్వర్గంలో ఇంద్రుడి సగం సింహాసనంతో తృప్తిపడక, మొత్తం కావాలని ఆశపడి కిందపడతాడు. మన శిల్పి ఆ పాటు చెక్కలేదు, బంగారం కురిసే క్షణం చెక్కాడు. ఆ పలక ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది.

కొత్త సినిమా ఎంచుకున్న క్షణం కంబం పగలడం. ఇందులో అది పాతవాటిని మించిందని ఒప్పుకోవాలి. వేషం కట్టిన మనిషి ఎంత చేసినా మనిషే. ఇక్కడ జూలు, గోళ్లు, గర్జన అన్నీ ఒక్క ఒంటివిగా కనిపించాయి. మనిషీ కాని, మృగమూ కాని రూపం కావాలంటే బొమ్మే దారి.

ఆ తర్వాతి పోరు మాత్రం చాలాసేపు సాగింది. నాకు లోటనిపించింది తండ్రి. పోతన హిరణ్యకశిపుడు కొడుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏం చదువుకున్నావురా అని అడుగుతాడు. రంగారావు కళ్లలో ఆ మురిపెం, అది కోపంగా మారేముందు వచ్చే అవమానం రెండూ కనబడతాయి. కొత్తదానిలో కండలు తిరిగిన రాక్షసుణ్ని చూశాం, కొడుకు చేజారిపోతున్న తండ్రిని చూడలేదు.

వేషంతో కూడా ఏం చేయవచ్చో తెలియాలంటే తంజావూరు దగ్గర మెలట్టూరు గుర్తు చేసుకోవాలి. అక్కడ మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు 'ప్రహ్లాద చరిత్రం' ఇప్పటికీ ఆడతారు, నరసింహ జయంతి రోజుల్లో. ముఖం తొడుగుకి గుళ్లో పూజ జరుగుతుంది. అది పెట్టుకునేవాడు ఉపవాసం ఉంటాడు. ఆవేశం పట్టలేక ఊగిపోతుంటే మనుషులు పట్టుకుని ఆపుతారు. గ్రాఫిక్స్‌కి అందని భయం అది.

పోతనలో వధ అయ్యాక కథ ఆగదు. ఆ ఉగ్రరూపం దగ్గరికి వెళ్లడానికి బ్రహ్మకి, రుద్రుడికి, ఆఖరికి లక్ష్మికీ ధైర్యం చాలదు. పిల్లాణ్ని పంపుతారు. స్వామి తల మీద చెయ్యి వేస్తాడు. అప్పుడు ప్రహ్లాదుడు అడిగే వరాల్లో ఒకటి, తనని చంపించాలని చూసిన తండ్రి పాపం పోవాలని. నీ తండ్రితోపాటు ఇరవై ఒక్క తరాలు పవిత్రమయ్యాయి అంటాడు స్వామి. ఏడు సినిమాలు తీసే ఓపిక ఉన్నవాళ్లు ఈ ఒక్క మాట దగ్గర ఇంకాసేపు నిలబడి ఉంటే బాగుండేది.

ఆ ఆదివారం సినిమా చూసి వేదాద్రి వెళ్లాం. గుళ్లో యోగానందుడు యోగపట్టం కట్టుకుని కూర్చుని ఉన్నాడు. మా మనవడు చాలాసేపు చూసి, "తాతా, కోపం పోయిందా?" అని అడిగాడు.