ఉపగ్రహ చిత్రాలతో విజ్ఞానశాస్త్ర బోధన: పాఠ్యాంశంగా సరూర్‌నగర్ చెరువు

నేపథ్య వ్యాసం

హైదరాబాద్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల పాఠశాలల్లో 6, 7, 8 తరగతుల విద్యార్థులకు కాంతి, నీటి చక్రం, మొక్కల ఆహార తయారీ వంటి అంశాలను బోధించేందుకు అంతరిక్షం నుంచి తీసిన భూమి చిత్రాలు చక్కని సాధనం కాగలవు. ఆ చిత్రాలకై దూరం పోనవసరం లేదు. భారత దూరసంవేదన ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని షాద్‌నగర్‌లోని భూకేంద్రం స్వీకరిస్తున్నది. బాలానగర్‌లో ప్రధాన కార్యాలయం గల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దీనిని నిర్వహిస్తున్నది. ఇస్రో 2009 ఆగస్టులో ప్రారంభించిన ‘భువన్’ ద్వారా ఈ చిత్రాలను ఎవరైనా చూడవచ్చు. ఎన్.సి.ఇ.ఆర్.టి. సహకారంతో రూపొందిన ‘స్కూల్ భువన్’ విభాగం ప్రత్యేకించి విద్యార్థులకు ఉద్దేశించబడినది.

ఈ పద్ధతి కొత్తది కాదు. అమెరికాలో 1996లో ‘కిడ్‌శాట్’ పేరుతో మొదలై, తదుపరి ‘ఎర్త్‌కామ్’గా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరిన పథకంలో, ఏ ప్రదేశాన్ని చిత్రించాలో మాధ్యమిక పాఠశాల విద్యార్థులే ఎంపిక చేసేవారు. హైదరాబాద్‌లో చదువుకున్న రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సాల్యూట్-7 నుంచి భారత భూభాగాన్ని చిత్రించిన విషయం విదితమే.

మన విద్యార్థులకు మొదటి పాఠం లెక్కతో ప్రారంభించడం మేలు. 1988 మార్చి 17న ప్రయోగించిన ఐ.ఆర్.ఎస్.-1ఎ ఉపగ్రహంలోని లిస్-1 కెమెరాకు ఒక గడి, అనగా పిక్సెల్, 72.5 మీటర్ల చతురస్రం. సుమారు ఎకరం ముప్పై సెంట్లు. 2003లో ప్రయోగించిన రిసోర్స్‌శాట్-1లోని లిస్-3 కెమెరాకు అది 23.5 మీటర్లు, సుమారు 660 చదరపు గజాలు. రెండు వందల గజాల ఇళ్ల స్థలాలు మూడు అందులో ఇమిడిపోతాయి. కావున అటువంటి చిత్రంలో తమ ఇల్లు ఎందుకు విడిగా కనిపించదో విద్యార్థి తానే లెక్కగట్టగలడు. 2005 మేలో ప్రయోగించిన కార్టోశాట్-1 తీసిన నలుపు తెలుపు చిత్రాల్లో గడి 2.5 మీటర్లు మాత్రమే.

రెండవ పాఠం రంగులది. పచ్చని ఆకు ఎరుపు కాంతిని పీల్చుకొని, కంటికి కానరాని సమీప పరారుణ కిరణాలను అధికంగా పరావర్తనం చేస్తుంది. ఆ కిరణాలకు ఎరుపు రంగు కేటాయించి రూపొందించే మిథ్యావర్ణ చిత్రంలో వృక్షసంపద ఎర్రగా, లోతైన స్వచ్ఛమైన నీరు నల్లగా కనిపిస్తాయి. వనస్థలిపురం చెంత 14.59 చదరపు కిలోమీటర్ల మహావీర్ హరిణ వనస్థలి వానాకాలం ముగిసిన తరువాత చిత్రంలో ఎర్రని పట్టీలా ఉండి, వేసవిలో వెలవెలబోతుంది. ఆకు రాల్చే పొదల అడవికి ఇంతకు మించిన నిదర్శనం పాఠ్యపుస్తకంలో దొరకదు. గుర్రపుడెక్క అల్లుకున్న చెరువు సైతం ఎర్రగానే కనిపిస్తుంది. నీరు ఉండవలసిన చోట ఎరుపు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న విద్యార్థులను మురుగునీటిలోని నత్రజని, భాస్వరాల వద్దకు తీసుకువెళుతుంది.

మూడవది కాలానికి సంబంధించినది. 2008 నుంచి ఉచితంగా లభిస్తున్న ల్యాండ్‌శాట్ భాండాగారంలో 1980ల మధ్యకాలం నుంచి 30 మీటర్ల గడి గల చిత్రాలు ఉన్నాయి. నాటి చిత్రాన్ని, నేటి చిత్రాన్ని పక్కపక్కన ఉంచితే సరూర్‌నగర్ చెరువు చుట్టూ పొలాలు, ఖాళీ నేలలు కాలనీలుగా మారిన తీరు తెలుస్తుంది. మీర్‌పేట, జిల్లెలగూడ, బైరామల్‌గూడల మీదుగా వచ్చే వరద ఈ చెరువులో చేరి, మిగులు నీరు చైతన్యపురి వైపుగా మూసీకి పోవలసి ఉన్నది. 2020 అక్టోబరు 13, 14 తేదీల భారీ వర్షాలకు కోదండరాంనగర్ తదితర కాలనీలు నీట మునిగాయి. ఇంకే నేల తగ్గి, పారే దారి ఇరుకైతే నీరు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న ఆ కాలనీల పిల్లలకు పరీక్ష ప్రశ్న కాదు.

సాధారణ కెమెరాకు వరద రోజున మేఘాలే కనిపిస్తాయి. మేఘాలను చొచ్చుకుపోయే రాడార్ తరంగాల ఆవశ్యకతను, 2022 ఫిబ్రవరి 14న ప్రయోగించిన ఇ.ఒ.ఎస్.-04 వంటి ఉపగ్రహాల ప్రయోజనాన్ని ఈ సందర్భంలోనే వివరించవచ్చు.

పాత్రికేయ మిత్రులు గమనించవలసిన అంశం ఒకటున్నది. ఉపగ్రహ చిత్రం ఆ రోజున నీరు ఎంతవరకు ఉన్నదో మాత్రమే చూపుతుంది. ఎఫ్.టి.ఎల్.గా వ్యవహరించే పూర్తిస్థాయి నీటిమట్టం హద్దును సర్వే, రెవెన్యూ, నీటిపారుదల శాఖల రికార్డుల ద్వారానే నిర్ధారించవలసి ఉంటుంది. వేసవి చిత్రాన్ని చూపి చెరువు ఆక్రమణకు గురైనదనడం, వానాకాలపు చిత్రాన్ని చూపి కాలేదనడం రెండూ సరికావు. తరగతిలోనూ ఒకే నెలలో తీసిన చిత్రాలనే పోల్చాలి. అనంతరం ఉపాధ్యాయుని పర్యవేక్షణలో విద్యార్థులు చెరువు కట్టపై నడిచి, చిత్రంలో ఎర్రగా కనిపించినది గుర్రపుడెక్కయో, ఒడ్డున ఉన్న చెట్లో చూసి నమోదు చేసుకోవాలి.

కంప్యూటర్ గది లేని పాఠశాలలు సైతం ఈ పాఠాన్ని చేపట్టవచ్చు. రెండు వేర్వేరు సంవత్సరాల రంగుల ముద్రిత చిత్రాలు, పారదర్శక కాగితం, గళ్ల కాగితం ఉంటే చాలు. చెరువు వైశాల్యాన్ని గళ్లు లెక్కించి కట్టవచ్చు.