ఓలి తిరిగిచ్చేస్తే తెగిపోయిన తాళి

విక్టోరియా రాణి కాలంలో, 1857లో, ఇంగ్లండుకు కొత్త విడాకుల చట్టం వచ్చింది. పెళ్లాం తప్పు చేసిందని తేలితే చాలు, మొగుడికి విడాకులు. ఇల్లాలికి మాత్రం మొగుడు తప్పు చేశాడని తేలడం ఒక్కటే చాలదు. కొట్టాడనో, రెండేళ్లు వదిలేసి పోయాడనో మరో నేరం కూడా రుజువు చెయ్యాలి. ఇక్కడి క్రైస్తవులకు 1869లో పెట్టిన చట్టానిదీ అదే తూకం.

అదే రాణి ఏలుబడిలో అరకు కొండల దారి వేరు. పితూరీలతో విసిగిన కంపెనీ సర్కారు 1839లో గంజాం, విశాఖపట్నం మన్యాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, గవర్నరు ఏజెంటు హోదాలో కలెక్టర్ల చేతిలో పెట్టింది. గిరిజనుల మీద ప్రేమతో కాదు లెండి. ఏమైతేనేం, ఆలుమగల తగవులు కులపెద్దల దగ్గరే తెగేవి.

ఆ తగవులన్నీ ఓలి చుట్టూ తిరిగేవి. పోడు సేద్యం ఆడవాళ్ల రెక్కల మీద నడుస్తుంది. పిల్ల అత్తారింటికి పోతే పుట్టింటికి పనిచేసే మనిషి తగ్గినట్టే. అందుకు పెళ్లికొడుకు వైపువాళ్లు డబ్బో, పశువులో, ధాన్యమో ఇచ్చుకోవాలి. అదే ఓలి. మొగుడితో పొసగనిది పుట్టింటికి వచ్చేసేది. మారుమనువు చేసుకున్నవాడు మొదటివాడి ఓలి తిరిగిచ్చేస్తే తెగతెంపులు. మొగుడి గుట్టు రుజువు చెయ్యాల్సిన పని లేదు.

కొండ దిగితే విజయనగరంలో ఇదే సొమ్ము కన్యాశుల్కం. 1892లో గురజాడ రంగమెక్కించిన ఘోరం అదే. అక్కడ పసిపిల్లను ముసలాడికి అమ్మేవారు, వెనక్కి వచ్చే దారి లేదు. కొండమీద ఈడొచ్చిన పిల్ల, తెరిచిన తలుపు. అలాగని మురిసిపోనక్కర్లేదు. సొమ్ము చేతులు మారేది మగాళ్ల మధ్యే. కట్టేవాడు దొరక్కపోతే ఆమె గతేమిటి? పైగా మొగుడు రెండోదాన్ని తెచ్చుకున్నా కులం తప్పనేది కాదు.

ఇంగ్లండు తన తూకాన్ని 1923లో సరిచేసుకుంది, మన క్రైస్తవుల చట్టం 2001లో. 1955 నాటి హిందూ వివాహ చట్టం మాత్రం, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప, షెడ్యూల్డు తెగలకు వర్తించదు. వాళ్లకు ఆచారమే చట్టం. ఆ 2001లోనే ఒక ఒరావ్ ఇల్లాలు, తన సంథాల్ భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడని సుప్రీంకోర్టుకెక్కింది. రెండో పెళ్లి చెల్లదనే ఆచారాన్ని చూపించలేకపోయిందని కోర్టు ఆమె కేసు కొట్టేసింది.