క్యాడ్ డ్రాయింగుల్లో అక్షరాల సైజు

కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే క్యాడ్‌లో గోడలు, తలుపులు, బోల్టులు అసలు కొలతల్లోనే గీస్తారు. 6 మీటర్ల గోడ ఫైల్లోనూ 6000 మిల్లీమీటర్లే. కాగితం మీదికి దించేటప్పుడే అది వందో వంతుకో యాభయ్యో వంతుకో తగ్గుతుంది. అక్షరాలకు అలాంటి అసలు కొలత లేదు. ‘పడకగది’ అన్న మాట కట్టబోయే ఇంట్లో ఎక్కడా ఉండదు, డ్రాయింగు చదివే మేస్త్రి కంటికి ఆనితే చాలు. గోడ లెక్క ఇంటిది, అక్షరం లెక్క కాగితానిది. ఈ రెండు లెక్కలనూ ఒకే ఫైల్లో ఎలా కలపాలన్న ప్రశ్న చుట్టూనే క్యాడ్‌లో అక్షరాల చరిత్ర నడిచింది.

చేతి డ్రాయింగుల కాలం

డ్రాయింగు బోర్డు మీద ఈ చిక్కు లేదు. గోడను స్కేలు ప్రకారం తగ్గించి గీసి, పక్కనే కాగితానికి తగిన ఎత్తులో అక్షరాలు రాసేవారు. ఆ ఎత్తులకు అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1974లో ఐఎస్‌ఓ 3098 ద్వారా ఒక వరుస ఏర్పరచింది: 2.5, 3.5, 5, 7, 10, 14, 20 మి.మీ. ఒక్కో ఎత్తు దాని ముందుదానికి సుమారు 1.4 రెట్లు. ఏ0, ఏ1, ఏ2 కాగితాల కొలతల మధ్య ఉన్నదీ ఇదే నిష్పత్తి. అందువల్ల ఏ1 షీటును ఏ2కు తగ్గించి కాపీ తీస్తే 3.5 మి.మీ. అక్షరం 2.5 మి.మీ.కు దిగుతుంది, అంటే వరుసలోనే మరో మెట్టు మీద నిలుస్తుంది. గీత మందానికీ లెక్క ఉంది. ఆ ప్రమాణంలోని బి రకం అక్షరాల్లో అది ఎత్తులో పదో వంతు కాబట్టి 3.5 మి.మీ. అక్షరానికి 0.35 పెన్ను, 5 మి.మీ. అక్షరానికి 0.5 పెన్ను సరిపోతాయి. కాగితం, పెన్ను, అక్షరం మూడూ ఇంత పొందికగా కుదిరిన ఏర్పాటు తర్వాతి కాలంలో మళ్లీ రాలేదు. మన పాలిటెక్నిక్, ఐటీఐ విద్యార్థులు ఇంజనీరింగ్ డ్రాయింగు మొదట్లో లెటరింగ్ షీట్లు రాసేది ఈ ఎత్తుల్లోనే.

పెన్ ప్లాటర్లు, గీతల అక్షరాలు

తొలి క్యాడ్ ఫాంట్లు అచ్చు అక్షరాల్లాంటివి కావు. 1967 ప్రాంతంలో అమెరికాలోని డాల్‌గ్రెన్ నావికాదళ ప్రయోగశాలలో అలెన్ హెర్షీ ప్రతి అక్షరాన్నీ కొన్ని సరళరేఖల వరుసగా, పూర్ణాంకాల బిందువులతో రూపొందించాడు. కంప్యూటర్ చెప్పినట్టు కాగితం మీద గీతలు గీసే ప్లాటర్ పెన్నుకు కావలసిందీ అదే. 1982లో వచ్చిన ఆటోక్యాడ్‌లో తర్వాత చేరిన రోమన్ సింప్లెక్స్ లాంటి ఎస్‌హెచ్‌ఎక్స్ ఫాంట్లకు మూలం ఈ హెర్షీ అక్షరాలే. వీటిలో ఒక సుగుణం ఉంది: అక్షరం ఎత్తు ఎంత పెంచినా గీత మందం మారదు, అది పెన్నును బట్టే ఉంటుంది. అంటే బోర్డు మీది పద్ధతి చాలావరకు నిలిచింది. నిలవనిది స్కేలు లెక్క.

గుణకారం మనిషిదే

కాగితం మీద 2.5 మి.మీ. కనిపించాలంటే, 1:100 డ్రాయింగులో అక్షరాన్ని 250 మి.మీ. ఎత్తున రాయాలి. 1:50 అయితే 125. సర్వే ప్లాను మీటర్లలో గీసి 1:1000కు ప్రింటు తీస్తే ఆ ఎత్తు 2.5 మీటర్లు. యూనిట్లు ఏవో, స్కేలు ఎంతో ముందే నిర్ణయించుకోకుండా మొదటి అక్షరం రాసేందుకే వీల్లేదు. ఆఖర్న క్లయింటు స్కేలు మార్చమంటే వందలాది అక్షరాలు ఒక్కసారిగా తప్పవుతాయి. ఒకే ప్లాన్ రెండు స్కేళ్లలో కావాలంటే ఒకే పేరును రెండు లేయర్లలో రెండు ఎత్తుల్లో రాసి, ఒకదాన్ని ఆపి రెండోదాన్ని చూపేవారు. ఒకచోట దిద్ది మరోచోట మరిచిపోతే సైటుకు రెండు రకాల సమాచారం చేరేది. గది పేరు తేడా పడితే సర్దుకోవచ్చు గాని, కడ్డీ మందం తేడా పడితే ప్రమాదం.

ఆటోక్యాడ్‌లో కొలత అంకెలకు డిమ్‌టెక్స్ట్ అనే సెట్టింగులోని ఎత్తును డిమ్‌స్కేల్ అనే మరో సెట్టింగు గుణించే ఏర్పాటు ఉంది. అయితే టెక్స్ట్ స్టైల్లోనే ఎత్తు స్థిరంగా ఇచ్చి ఉంటే ఆ స్టైలుదే చెల్లుతుంది, డిమ్‌టెక్స్ట్ ఎంత మార్చినా అంకె కదలదు. కొత్తగా నేర్చుకునేవారిని ఎక్కువగా సతాయించేది ఇదే. స్టైల్లో ఎత్తు సున్నాగా ఉంచమని పాతవాళ్లు చెప్పేది అందుకే. 1986లో ఆటోక్యాడ్‌లో ప్రోగ్రాములు రాసే భాష ఆటోలిస్ప్ వచ్చాక అక్షరాల ఎత్తులన్నీ ఒకేసారి మార్చే చిన్న ప్రోగ్రాములు రాసుకోవడం వీలైంది. మామూలు స్కేల్ కమాండ్ అన్నింటినీ ఒకే బిందువు నుంచి పెంచుతుంది కాబట్టి పేర్లు గదులు దాటి పోతాయి. స్కేల్‌టెక్స్ట్ కమాండ్ ప్రతి అక్షరపంక్తినీ దాని చోటే ఉంచి పెంచుతుంది. ఇది అందరికీ అందినది ఆటోక్యాడ్ 2002 వెర్షన్‌తో.

పేపర్ స్పేస్, అనోటేటివ్ టెక్స్ట్

1990లో ఆటోక్యాడ్ రిలీజ్ 11తో పేపర్ స్పేస్ వచ్చింది. మోడల్ ఒకచోట, కాగితం మరోచోట. మధ్యలో వ్యూపోర్ట్ అనే కిటికీ, దానికో స్కేలు. అక్షరాన్ని నేరుగా కాగితం మీద 2.5 అనే రాయవచ్చు. చరిత్రలో అసలు మలుపు ఇదే, ఎందుకంటే అక్షరం కాగితానిదని ఆటోక్యాడ్ ఒప్పుకుంది. లోటు కూడా ఉంది: మోడల్లో గది పక్కకు జరిగితే కాగితం మీది పేరు దానితో జరగదు. అందుకే చాలా ఆఫీసుల్లో పేర్లు మోడల్‌లోనే ఉండిపోయాయి, గుణకారమూ మిగిలింది.

2007లో వచ్చిన ఆటోక్యాడ్ 2008 ఆ గుణకారం పనిని తానే తీసుకుంది. అనోటేటివ్ టెక్స్ట్‌కు కాగితం ఎత్తు చెప్తే చాలు. ఏయే స్కేళ్లు జతచేస్తే ఆయా వ్యూపోర్టుల్లో తగిన సైజులో కనిపిస్తుంది, స్కేలుకో చోటు కూడా ఇవ్వవచ్చు. కాపీలు చేస్తూ పోతే అక్కరలేని స్కేళ్లు ఫైల్లో పేరుకుపోవడం దీని కొత్త తలనొప్పి. 2000లో మొదలైన రెవిట్ అనే భవన డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం టెక్స్ట్ సైజు మొదటి నుంచీ కాగితం కొలతే. వ్యూ స్కేలు మారిస్తే అక్షరాలు వాటంతటవే సర్దుకుంటాయి.

ట్రూటైప్, తెలుగు

ట్రూటైప్ ఫాంట్లు వచ్చాక మందం పెన్ను చేతి నుంచి జారిపోయింది. ఎత్తు పెరిగితే మందమూ పెరుగుతుంది. ఎత్తు కొలిచే తీరూ వేరు: క్యాడ్ ఎత్తు ఇంగ్లీషు పెద్దక్షరం ఎత్తు, డీటీపీ పాయింటు మొత్తం దిమ్మె కొలత. ఏరియల్‌లో 10 పాయింట్లంటే పెద్దక్షరం ఎత్తు సుమారు 2.5 మి.మీ. తెలుగులో పెద్దక్షరాలే లేవు, పైగా పైన గుడులు, కింద వత్తులు. పేరాలు రాసే ఎం‌టెక్స్ట్‌లో మామూలు పంక్తి దూరం ఎత్తుకు 1.66 రెట్లు, తెలుగు నోట్స్‌కు అది ఇరుకవుతుంది, కాస్త పెంచడమే మేలు.

ఇప్పుడు ఏ1కు తయారైన డ్రాయింగులను సైట్లలో ఏ3కు సగం చేసి ప్రింటు తీస్తున్నారు. 2.5 మి.మీ. అక్షరం 1.25కు పడిపోతుంది. సగం ప్రింటు తప్పదని తెలిసినప్పుడు ఏ1 మీద నోట్స్‌ను 3.5 లేదా 5 మి.మీ. పెట్టడం, షీటు మీద స్కేలు పట్టీ గీయడం మంచి పద్ధతి.