కంటిలోని ఎఱుపురంగు



నేను బాల్యమున తర్కశాస్త్రము చదువుకొనునాడు కన్ను తేజోమయమనియు, అందలి కిరణములు వెలువడి వస్తువును తాకుటచే చూపు కలుగుననియు నేర్చితిని. పిదప ఉపాధ్యాయుడనై, వెలుగే వస్తువునుండి కంటికి వచ్చునని పిల్లలకు బోధించితిని. కాని వచ్చిన వెలుగు కంటిలో ఏమి చేయునో నాకు తెలియదు. ఆ తెలియమివలన ఒక పిల్లవానికి అన్యాయము చేసితిని.

సాయంకాలపు చదువునకు వచ్చు ఆ బాలుడు చీకటి పడగానే గడపలు తన్నుకొనుచు, పుస్తకము విడిచి కూర్చుండెడివాడు. సోమరితనమని తలచి దండించితిని. మరునాడు వాని తల్లి వచ్చి, “పంతులుగారూ, పొద్దుగూకితే వాడికి కళ్లు ఆనవండీ” అనెను. అది రేచీకటి. దాని కారణమును తెలిసికొనుటకు మానవజాతికి ఎంత కాలము పట్టినదో వినుడు.

1876లో ఫ్రాంజ్ బోల్ అను జర్మను శాస్త్రజ్ఞుడు రోమునగరమున కప్పల కన్నులను పరీక్షించెను. చీకటిలో నుంచిన కప్ప కంటి లోపలిపొర ఎఱ్ఱగా నుండెను. వెలుగు సోకగానే ఆ రంగు వెలిసిపోయెను. బ్రతికియున్న కప్పను మరల చీకటిలో నుంచినచో ఎఱుపు తిరిగి వచ్చుచుండెను. ఇంతటి విషయమును కనుగొనిన బోల్ 1879లో, ముప్పదియేండ్ల ప్రాయముననే మరణించెను.

హైడెల్బర్గున విల్లీ క్యూనే ఆ పనిని కొనసాగించెను. ఆయన చీకటిలో నుంచిన కుందేటిని కొలదిసేపు కిటికీకి ఎదురుగా నిలిపి, చంపి, కంటిపొరను పటికనీట నుంచెను. ఆ పొరపై కిటికీ చువ్వలతోగూడ బొమ్మ కట్టియుండెను! ఎద్దు పైత్యరసముతో ఆయన ఆ ఎఱ్ఱని పదార్థమును కరగించి వేరుచేసెను కూడ. దానినే నేడు రొడాప్సిన్ అందురు.

1933లో జార్జి వాల్డ్ కంటిపొరలో విటమిన్ ఏ ఉన్నదని కనిపెట్టెను. రొడాప్సిన్‌లో రెండు భాగములు కలవు. ఒకటి మాంసకృత్తు, రెండవది దాని గర్భమున ఇమిడియున్న, విటమిన్ ఏ నుండి పుట్టిన చిన్న అణువు. ఈ చిన్న అణువు చీకటిలో వంగియుండును. వెలుగు తగులగానే, కట్టు తెగిన వెదురుబద్దవలె నిటారగును. చూపు విషయమున వెలుగు చేయు పని యింతియేనని 1958లో రూత్ హబ్బర్డ్, అలెన్ క్రాఫ్ నిరూపించిరి. సెకనును లక్షకోట్ల భాగములు చేసినచో, ఒక భాగముకంటెను తక్కువ కాలమున ఆ వంపు తీరునని తరువాత తేలినది. వాల్డునకు 1967లో నోబెల్ బహుమానము లభించెను.

లోపలి బద్ద నిటారైనప్పుడు దానిని చుట్టియున్న మాంసకృత్తు ఊరకుండునా? దానికి ఏడు స్తంభములవంటి చుట్టలు కలవు. అందు ఆరవది ప్రక్కకు ఒరిగి, లోపల ఒక సందు తెరచుకొనును. ఆ సందున మరియొక మాంసకృత్తు చేరి మేలుకొని, వార్తను ముందునకు నడపును. అది తుదకు మెదడు చేరును. 2000లో ఆవు కంటి రొడాప్సిన్ రూపమును, 2008లో ఆ ఒరిగిన రూపమును శాస్త్రజ్ఞులు చిత్రించి చూపిరి.

నిటారైన అణువు మరల పనికి రావలెనన్న దానిని వంచి మాంసకృత్తునందు కూర్పవలెను. ఎండలోనుండి చీకటిగదిలోనికి వచ్చినపుడు కొంతసేపు ఏమియు ఆనకపోవుట అందువలననే. ఈ రాకపోకలలో తరిగినదానిని ఆహారమే పూరింపవలెను; విటమిన్ ఏ ను శరీరము తనంతట సృజింపజాలదు. అది కొఱవడినచో మసకవెలుతురున చూపు పోవును. ఉపేక్షించినచో నల్లగ్రుడ్డే చెడి, అంధత్వము శాశ్వతమగును.

ఈ విషయమున హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారి కృషి స్మరణీయము. 1970లో మనదేశమున పసిపిల్లలకు ఆరుమాసముల కొకసారి విటమిన్ ఏ త్రాగించు పథకము మొదలయ్యెను. దానికి ఆ సంస్థ పరిశోధనలు ఆధారమయ్యెను.

నేను దండించిన బాలునకు వైద్యుడు ఆ మందే ఇచ్చెను. కొలదిదినములలోనే చూపు కుదుటబడెను. వాడు దీపమునొద్ద కూర్చుండి తప్పులేకుండ చదువుచుండగా నేను తలయెత్తలేకపోయితిని.

కనుక పెద్దలారా, మీ ఇంట ఏ పసివాడైనను సందెవేళ తడబడినచో కసరకుడు. వెంటనే వైద్యునకు చూపుడు. మునగాకు, అవిసాకు, తోటకూర, బొప్పాయి, పాలు, గ్రుడ్లు, ఎవరి ఆచారమునకు తగినవి వారు పిల్లల కంచములలో వడ్డింపుడు. వెలుగును భగవంతుడు ఉచితముగనే ఇచ్చినాడు. దానిని అందుకొను ఆ చిన్న వంపును మాత్రము మనము అన్నముతో పెట్టవలసియున్నది.