గుండ్లకమ్మ రేవున విశ్వాస పరీక్ష

ఆపదల నుండి దేవుడు విడిపించునను నమ్మకము క్రైస్తవ ధర్మమునకు మూలకందము. ఆ నమ్మకము మనుష్యుని చేతులు ముడుచుకొని కూర్చుండజేయునా, లేక నడుము బిగించి పనికి పురికొల్పునా? ఈ ప్రశ్నకు పండితుల వాదములకంటె తెలుగునాటి చరిత్రయే చక్కని సమాధానము చెప్పగలదు.

1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఒంగోలు సమీపమందలి కొండపై అయిదుగురు మోకరించి ప్రార్థించిరి. వారిలో అమెరికన్ బాప్టిస్టు మిషనుకు చెందిన లైమన్ జూయెట్ దంపతులు ఇద్దరు. తక్కిన ముగ్గురు తెలుగు క్రైస్తవులు. ఫలితము చాలని ఈ తెలుగు మిషనును మూసివేయవలెనా యని అమెరికాలో అంతకు ముందే తర్జనభర్జనలు జరిగినవి. ఆ దినమున వారు కోరినది ఒంగోలునకు ఒక బోధకుని మాత్రమే. జాన్ క్లౌ 1866లో అక్కడికి వచ్చువరకు పండ్రెండేండ్లు గడచెను.

ఆ యేడే తాళ్లకొండపాడు నివాసి యెర్రగుంట్ల పేరయ్య భార్యతో గూడ బాప్తిస్మము పొందెను. ఆయన తోళ్ల వ్యాపారము చేయు మాదిగ. ఆయన వెంట ఆ కులమువారు అనేకులు నూతన మతమున చేరిరి. చచ్చిన పశువుల మాంసము తినమనియు, జాతరలలో డప్పు కొట్టమనియు వారు నిశ్చయించుకొనగా గ్రామములలో బాధలు తప్పలేదు. అట్టివారికి విడుదల యనగా పరలోకపు మాట మాత్రమే కాదు, తలయెత్తుకొని నిలువగలుగుట.

ఇంతలో 1876లో వానలు తప్పెను. చెన్నరాజధానిని, మైసూరును, నైజాము రాష్ట్రమును గూడ పీడించిన ఆ మహాక్షామమున లక్షలాది ప్రజలు మడిసిరి. 1877లో ప్రభుత్వము సహాయపు పనులలో మగకూలికి నిర్ణయించినది దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా మాత్రమే.

క్లౌ యౌవనమున భూముల సర్వే పని నేర్చినవాడు. ఆయన ప్రార్థనతో తృప్తిపడక, అప్పుడు త్రవ్వబడుచుండిన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల భాగమునకు కాంట్రాక్టు తీసికొనెను. తెలుగు బోధకులు మేస్త్రీలైరి. కూలీలు పార దింపి సేదతీరు వేళ, భారము మోసి అలసినవారిని తన యొద్దకు పిలిచిన క్రీస్తును గూర్చి వారికి చెప్పుచుండిరి.

బాప్తిస్మము కోరువారి సంఖ్య పెరిగెను. అయితే ఆకలిగొన్నవాడు కోరునది దేవునినా, గింజలనా? ఈ సందేహము విమర్శకులకంటె ముందు క్లౌకే కలిగెను. కావున ఆయన సుమారు 15 నెలలు ఒక్కరికిని బాప్తిస్మ మీయలేదు. 1878 జూన్ నాటికి సహాయము పంచుట ముగించి, క్రైస్తవులను మాత్రమే గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లికి రమ్మనెను. పిలువనివారును వేలుగా వచ్చిరి. ఇక ఈయగల ధనము లేదని చెప్పినను వారు కదలరైరి. పనిచేసి కాయలు కాచిన చేతులు చూపి, తాము అడుగవచ్చినది సహాయము కాదనిరి.

జూలై 2వ తేదీన 614 మంది, 3వ తేదీన 2,222 మంది, 4వ తేదీన 700 మంది, వెరసి 3,536 మంది ఆ నదిలో బాప్తిస్మము పొందిరి. రెండవ దినమున ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీటిలో నిలిచి ఆ కార్యము నెరవేర్చిరి.

క్షామమున ఆదరించినవారియెడ కృతజ్ఞత వారి నిర్ణయమున ఏమాత్రము లేదనుట కష్టము. మనుష్యుని హృదయమున ఆకలిని, కృతజ్ఞతను, భక్తిని వేరుచేయు త్రాసు చరిత్రకారునికి లేదు. ప్రార్థించిన వారెల్లరును బ్రతికిరనియు చెప్పజాలము. కాని ధాన్యము పంచునాడు మూయబడిన ద్వారము, పంచుటకు ఏమియు లేనినాడు తెరువబడెననుట సత్యము. విడుదలకై దేవుని నమ్మినవారు పార విడువలేదు. పార పట్టినవారు దేవుని మరువలేదు. ఒంగోలు సీమ మిగిల్చిన పాఠ మిదియే.