కొండారెడ్డి బురుజు
కర్నూలు నడిబొడ్డున, కూడలికి ఎదురుగా నిలిచిన రాతి బురుజు. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో కట్టిన కోటలో మిగిలిన ముఖ్యభాగం ఇదే. అలంపురం పాలకుడు కొండారెడ్డిని ఇక్కడ బంధించగా, తుంగభద్ర కిందుగా సాగే సొరంగం గుండా తప్పించుకున్నాడని జనశ్రుతి. పేరు అలా నిలిచింది.

1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి. వసతి చాలక ఎన్నో కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు తరలింది. ఆ మూడేళ్ల గుర్తులు వెతికేవారు బురుజు దగ్గర నుంచే నడక మొదలుపెట్టాలి. 2003లో వచ్చిన ‘ఒక్కడు’ సినిమాతో ఈ కట్టడం తెలుగువారందరికీ పరిచయమైంది. రాయలసీమ ఎండకు మెట్లెక్కడం కష్టం. పొద్దున్నే రావడం మేలు.