అంకెకి తెలియని తుపాను

మా ఉద్దానంలో ఒకప్పుడు అప్పు పుట్టాలంటే కాగితం కంటే ముందు ఇంటిపేరు చూసేవారు. "ఫలానావారి కోడలివా? పట్టుకెళ్ళమ్మా" అనేవాడు షావుకారు. జీడిపిక్కలు అమ్మాక తీర్చేవాళ్ళం. ఆలస్యమైతే ఎందుకయిందో ఊరందరికీ తెలుసు. (ఆ తెలియడంలో ఆడవాళ్ళకి చిన్నతనమూ ఉండేదనుకోండి!)

2000లో సిబిల్ సంస్థ వచ్చింది. 2005లో ఇలాంటి సంస్థలకో చట్టం వచ్చింది. ఊరి జ్ఞాపకం కాస్తా 300, 900 మధ్య ఓ అంకె అయి కూర్చుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. టెక్కలిలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మా అక్క కొడుకు, జీతం ఇంటి కప్పుకి పెట్టి, బండి వాయిదాలు మూడు తప్పాడు. తర్వాతెప్పుడో లోను అడిగితే లేదన్నారు.

"గాలివాన సంగతి ఆ అంకెకి తెలీదేటి పిన్నీ?" అన్నాడు.

తెలీదు మరి! దానికి తెలిసింది వాయిదా తేదీ ఒక్కటే.

ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని 2017 నుంచి నియమం ఉంది. తెప్పించి చూస్తే, తీర్చేసిన బండి అప్పు ఇంకా బాకీగానే ఉంది! ఫిర్యాదు రాసి అది దిద్దించాడు. ఇప్పుడైతే 30 రోజుల్లో దిద్దకపోతే రోజుకి 100 రూపాయలు పరిహారం కూడా ఇవ్వాలట.

తప్పిన ఆ మూడు వాయిదాలు మాత్రం చెరగలేదు. చిన్న డిపాజిట్ మీద క్రెడిట్ కార్డు తీసుకుని, దాంతో కొద్దిపాటి ఖర్చులే చేసి, నెలనెలా గడువుకి ముందే మొత్తం కట్టేవాడు. ఏడాదిన్నరకి అంకె కదిలింది.

మా అక్క మాత్రం ఇప్పటికీ, జ్వరం ఎంతుందని అడిగినట్టు, "ఈవేళ అంకె ఎంతరా?" అంటుంది.